జాగిలం: ఓరుగల్లు సీమలో వేటకుక్క గుణదోషాలు

కాకతీయుల కొలువులో ఏనుగుల దళాన్ని చూసే అధికారిని గజసాహిణి అనేవారు. నృత్తరత్నావళి కర్త జాయప సేనాని గణపతిదేవుని కాలంలో ఆ పదవిలో ఉన్నవాడే. ఈ ధారావాహికలో గడిచిన భాగాలు ఏనుగులకూ గుర్రాలకూ సంబంధించినవి కాగా, ఈ భాగం రాజు వెంటా బోయవాని వెంటా ఒకే తీరుగా అడవికి నడిచిన వేటకుక్కకు సంబంధించినది. తెలుగులో జాగిలం అని పేరుపడిన ఈ కుక్క చరిత్ర శాసనాలకన్నా రాజుల వినోదాలను వివరించిన శాస్త్రగ్రంథాలలో, ప్రబంధాల మృగయా ఘట్టాలలో, అడవి అంచు పల్లెల వాడుకలో ఎక్కువగా నిలిచింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మంచి జాగిలం ఏది అన్న ప్రశ్నకు రాజు చెప్పిన సమాధానం ఒకటి, వేటనే నమ్ముకొని బతికినవాడు చెప్పిన సమాధానం మరొకటి అని తేలుతుంది.

రెండు సమాధానాలకూ ముందు నేల స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. హనుమకొండ, ఓరుగల్లు నిలిచిన చోటు రాతిగుట్టలు, ఎర్రచెలకలు, వాటి మధ్య చెరువులు గల మెట్టప్రాంతం. అక్కడినుంచి తూర్పుగా నర్సంపేట, ములుగు దాటి ఏటూరునాగారం దిక్కుకు సాగేకొద్దీ టేకు, మద్ది, వెదురు పెరిగిన దట్టమైన అడవి గోదావరి ఒడ్డుదాకా వ్యాపిస్తుంది. చెలకల్లో చెవులపిల్లి అనే కుందేలు, గుట్టల్లో ఉడుము, ముళ్లపంది, అడవిలో దుప్పి, కణుజు, కొండగొర్రె, ఎలుగుబంటి, చిరుత, పెద్దపులి ఈ ప్రాంతపు జంతువులు. అడవిపంది మాత్రం చెలక, గుట్ట, అడవి అన్న తేడా లేకుండా అన్నిచోట్లా తిరుగుతుంది. రేగు, బలుసు, కలే పొదల ముళ్లు, కాలిన పెనంలా వేడెక్కే బండలు, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, వానాకాలంలో నిలువెత్తు గడ్డి, ఇవన్నీ కలిసిన చోట పనికివచ్చే కుక్క రాజస్థాన్ ఇసుకనేలల్లో పనికివచ్చే కుక్క కాజాలదు. కుక్క గుణాన్ని జాతిపేరుతో నిర్ణయించే అలవాటు ఇటీవలిది. పూర్వం దానిని నేలతోనూ వేటజంతువుతోనూ కొలిచేవారు.

కాకతీయ సీమకు అన్నివిధాలా దగ్గరైన లిఖిత ఆధారం మానసోల్లాసం. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో సంస్కృతంలో కూర్చిన ఈ గ్రంథం ఐదు వింశతులుగా, ఒక్కొక్క వింశతిలో 20 అధ్యాయాల చొప్పున నూరు అధ్యాయాలుగా ఉంది. ఆ చక్రవర్తి పాలించిన కాలంలో హనుమకొండను ఏలుతున్న రెండవ ప్రోలరాజు ఆయనకు సామంతుడే. ప్రోలుని కుమారుడు రుద్రదేవుడు స్వాతంత్ర్యం ప్రకటించినట్లు చెప్పే వేయిస్తంభాల గుడి శాసనం వచ్చేసరికి 1163 అయింది. కాబట్టి కల్యాణి కొలువులో రాజోచితంగా భావించిన వినోదాలు హనుమకొండ కొలువుకూ పరిచితమైనవేనని అనుకోవడంలో తొందరపాటు లేదు. మానసోల్లాసంలో నాలుగవదైన వినోద వింశతిలో కోళ్ల పోరు, పొట్టేళ్ల పోరు వంటివాటితోపాటు సారమేయ వినోదం అనే అధ్యాయం ఉంది. సారమేయం అంటే కుక్క. దేవలోకపు కుక్క అయిన సరమ సంతతి అని ఆ పేరుకు పురాణసమ్మతమైన అర్థం. డేగలతో పక్షులను పట్టించే శ్యేన వినోదం, చేపల వేట అయిన మత్స్య వినోదం, అడవివేట అయిన మృగయా వినోదం అదే వింశతిలో వేరువేరు అధ్యాయాలుగా ఉన్నాయి. ఒక చక్రవర్తి కుక్కలకోసం విడిగా ఒక అధ్యాయం రాయడం చిన్న విషయం కాదు. ఐరోపాలో వేటకుక్కల పెంపకానికి ప్రామాణికంగా చెప్పుకొనే గాస్తోన్ ఫేబుస్ గ్రంథం ఫ్రాన్సులో మొదలైంది 1387లో, అంటే సోమేశ్వరునికి రెండున్నర శతాబ్దాల తరువాత. కోళ్ల పోరు, పొట్టేళ్ల పోరు ఓరుగల్లు వీధులకూ తెలిసినవే అనడానికి వినుకొండ వల్లభరాయుని క్రీడాభిరామం సాక్ష్యమిస్తుంది. కల్యాణి వినోదాలు ఓరుగల్లు దాకా ఎంతగా వ్యాపించాయో దానివల్ల అర్థమవుతుంది.

వినోదం అనే మాట వెనుక పాలనకు సంబంధించిన పని కూడా ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం పచ్చికబయళ్ల అధికారి విధులను చెబుతూ, లుబ్ధకులూ శ్వగణులూ అడవుల్లో తిరుగుతూ ఉండాలని, దొంగలు గానీ శత్రువులు గానీ వస్తున్నట్లు కనిపిస్తే శంఖమో దుందుభో మోగించి తెలియజేయాలని నిర్దేశించింది. లుబ్ధకులు వేటగాళ్లు, శ్వగణులు కుక్కల గుంపును వెంటబెట్టుకొని తిరిగేవారు. అంటే వేటకుక్కల గుంపు రాజ్యానికి సరిహద్దు కాపలా కూడా. వేటను వ్యసనాల జాబితాలో చేర్చిన కౌటిల్యుడే, జూదం కన్నా వేట చెడ్డదన్న పిశునుని మతాన్ని ఖండించి, వేటవల్ల వ్యాయామం కలుగుతుందని, కొవ్వు కరుగుతుందని, కదిలే గురిని కొట్టే అభ్యాసంతోపాటు కోపంలోనూ భయంలోనూ జంతువుల మనసు ఎలా ఉంటుందో తెలుస్తుందని వాదించాడు. జంతువు మనసు తెలిసే ఆ విద్యలో కుక్కే మనిషికి గురువు అని చేర్చడానికి ఆ వాదంలో చోటుంది.

పెద్ద కుక్కలమీద రాజులకున్న మోజు అంతకన్నా పాతది. రామాయణం అయోధ్యాకాండలో కేకయరాజు తన మనుమడైన భరతునికి ఇచ్చిన కానుకలలో అంతఃపురంలో పెరిగిన, పులిబలం గల, కోరలే ఆయుధాలైన పెద్ద కుక్కలు ఉన్నాయి. బాబిలోను పాలకుడొకడు తన భారతదేశపు కుక్కల మేతకోసం నాలుగు పెద్ద గ్రామాలకు ఇతర పన్నులు మాఫీ చేశాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. పంజాబులో సౌభూతి అనే రాజు అలెగ్జాండరు ఎదుట సింహంమీదికి కుక్కలను వదిలాడని, పట్టిన పట్టు వదలని కుక్క కాలు కోస్తున్నా అది సింహాన్ని విడవలేదని గ్రీకులు వర్ణించారు. ఈ కథలన్నింటిలోనూ మెచ్చుకున్నది ఒక్క గుణాన్నే: చచ్చినా వదలని పట్టు. రాజు కంటికి కనిపించే కుక్క ఇది. దీనిని అలా ఉంచి కుక్క శరీరం వైపు చూడాలి.

వేటకుక్కలు పని చేసే తీరును బట్టి రెండు తెగలు. ఒకటి కంటితో వేటాడేది, రెండవది ముక్కుతో వేటాడేది. మొదటి తెగ కుక్కకు తల సన్నగా పొడవుగా ఉంటుంది, రొమ్ము లోతుగా మోచేతులదాకా దిగి గుండెకూ ఊపిరితిత్తులకూ చోటిస్తుంది, డొక్కలు లోపలికి పోయి నడుము విల్లులా వంగుతుంది. పరుగులో వెన్ను ముడుచుకొని సాగుతూ ఒక్కొక్క ఊపులో రెండేసి సార్లు నాలుగు కాళ్లూ నేలను విడిచి ఉంటాయి. ఉత్తర కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోళ కుక్క ఈ తెగదే. నల్లరేగడి మైదానంలో దూరాన కదిలిన కుందేలును చూసి, చూపు మరల్చకుండా తరిమి పట్టడం దాని పని. ఓరుగల్లు పడమట చెలకలలో ఈ కుక్కకు పనుంది. తూర్పున పొదల్లోకి, వెదురు డొంకల్లోకి వేటజంతువు దూరిన మరుక్షణం ఎంత వేగమున్నా కంటికుక్క నిలబడిపోతుంది. కనబడనిదానిని వెంటాడడం దానికి చేతకాదు.

అక్కడినుంచి పని ముక్కుది. వాసనను పట్టే కణాలు మనిషికి సుమారు 50 లక్షలు ఉంటే కుక్కకు 20 కోట్లకు పైగా ఉంటాయి. తడిగా ఉండే ముక్కు కొన, గాలిని లోపల రెండు పాయలుగా చీల్చి ఒక పాయను వాసన కోసమే నిలిపే నిర్మాణం దానికి తోడు. అయితే ఈ శక్తి అన్ని వేళలా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున మంచుపడిన గడ్డిమీద, తొలకరి తడిసిన నేలమీద జాడ చాలాసేపు నిలుస్తుంది. ఎండ ముదిరి నేల కాలితే అదే జాడ త్వరగా ఆరిపోతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. కుక్కకు మనిషిలా ఒంటినిండా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దానికి ఒళ్లు చల్లార్చుకొనే దారి. రొప్పుతున్న కుక్క గాలిని నోటితో ఆడిస్తుంది గనుక, ఆసేపు వాసన చూడలేదు. కాబట్టి తెలంగాణ ఎండలో మంచి ముక్కు అంటే పెద్ద ముక్కు కాదు, ఆలస్యంగా రొప్పే ఒళ్లు. పొట్టి వెంట్రుక, కొవ్వు పట్టని దేహం, మరీ పెద్దది కాని ఎత్తు, ఇవే ఈ సీమలో ముక్కును కాపాడే లక్షణాలు. పాదం విషయంలోనూ ఇదే లెక్క: వేళ్లు దగ్గరగా బిగిసి, అరికాలి మెత్తలు మందంగా ఉన్న కుక్క బండలమీద సాయంత్రందాకా నడుస్తుంది, వేళ్లు విచ్చుకున్న కుక్క తొలి జాములోనే కుంటడం మొదలుపెడుతుంది. చెవి పొడవుగా వేలాడితే ముళ్లకు చిరుగుతుంది, లోపల గోమార్లు గూడు కడతాయి. అందుకే అడవి పల్లెల్లో నిక్కిన చెవికి విలువ.

ఇదంతా దేహం మాట. జాగిలానికి అసలు పరీక్ష అడవిపంది. కాకతీయుల రాజలాంఛనం వరాహమే. నాణేలమీదా ముద్రలమీదా విష్ణువు అవతారంగా నిలిచిన ఆ జంతువే అడవిలో రాజుకైనా బోయకైనా అన్నిటికన్నా గట్టి ప్రత్యర్థి. గుంపు విడిచి ఒంటరిగా తిరిగే ముదురు మగపందిని తెలుగులో ఏకలం అంటారు. దాని బరువు 100 కిలోలకు చేరవచ్చు. భుజాలమీద తోలు కింద మందమైన కవచం వంటి పొర ఉంటుంది. కింది దవడ కోరలు పైకోరలతో రాసుకొని నిత్యం పదునెక్కుతూ ఉంటాయి. తల దించి, పక్కకు తిప్పి, ఒక్కసారిగా పైకి ఎత్తడం దాని దెబ్బ. ఆ దెబ్బ తగిలితే కుక్క రొమ్మునుంచి డొక్కదాకా చీలిపోతుంది.

ఏకలం జాడ దొరికిన తరువాత మంచి కుక్క చేసే పనిని దగ్గరగా గమనించాలి. జాడ పాతదైతే అది ముక్కు నేలకానించి మౌనంగా నడుస్తుంది. జాడ వేడెక్కితే తోక కదలిక మారుతుంది, గొంతులో సన్నని కుయ్యి మొదలవుతుంది. పంది లేచి పరుగెత్తినప్పుడు వెనుకనుంచి పిక్కలను కొరికి, అది తిరగగానే తప్పుకొంటుంది. విసిగిన పంది చివరకు ఏ బండకో పుట్టకో వెన్నానించి నిలబడుతుంది. అప్పుడు కుక్క దాని ఎదుటికి పోదు, వెనక్కూ రాదు. కోరలకు అందే దూరానికి ఒక్క అడుగు అవతల అర్ధచంద్రాకారంగా తిరుగుతూ, పంది ముందుకు దూకితే ఒక గంతు వెనక్కి, పంది వెనుదిరిగితే రెండు గంతులు ముందుకు వేస్తూ, తెరపిలేకుండా మొరుగుతుంది. తరిమేటప్పటి మొరుగుకూ నిలువరించినప్పటి మొరుగుకూ తేడా ఉంటుంది. రెండవది ఒకే చోటినుంచి, ఒకే తాళంలో, లోతుగా వస్తుంది. అర కోసు దూరంలో ఉన్న వేటగాడు ఆ తేడాను చెవితో పట్టి, బల్లెమో విల్లో పట్టుకొని నేరుగా ఆ చోటికే చేరుకుంటాడు. కుక్క పని చంపడం కాదు; చంపగలవాడు వచ్చేదాకా జంతువును ఆపి ఉంచడం. పిరికికుక్క ముందే పారిపోతుంది, మూర్ఖపుకుక్క మీదికి దూకి చస్తుంది. ఆ రెండింటికీ నడుమ ఉండే వివేకమే జాగిలానికి అసలైన గుణం అని ఈ వ్యాసం అభిప్రాయం. వేగం, బలం, ముక్కు అన్నీ దాని తరువాతివే.

రాజులు మెచ్చిన గుణం వేరని పైన చెప్పిన మాటకు దక్షిణాదిలో ఒక రాతి సాక్ష్యం ఉంది. కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో దొరికి, ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉన్న వీరగల్లు క్రీ.శ. 949–50 నాటిది. వీరగల్లు అంటే పోరులో మరణించిన వీరుని స్మారకంగా నిలిపిన శిల. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు తక్కోలం వద్ద చోళ రాజాదిత్యుని ఓడించిన యుద్ధంలో గంగరాజు రెండవ బూతుగుని పక్షాన మణలేరుడనే యోధుడు పోరాడాడు. ఆయన పరాక్రమానికి మెచ్చి బూతుగుడు ఏమి కావాలో కోరుకొమ్మన్నప్పుడు మణలేరుడు అడిగింది రాజు పెంచుకొంటున్న కాళి అనే కుక్కను. కెలలె నాడులో బెళతూరు పడమటి కొండమీద ఆ కాళిని పెద్ద పందిపైకి ఉసికొల్పగా కుక్కా పందీ కలిసే చనిపోయాయి. దానికి గుర్తుగా ఆతకూరు చల్లేశ్వరుని గుడి ఎదుట శిల నిలిపి, భూమి దానమిచ్చి, ఆ భూమిని అనుభవించే గొరవ, అంటే శైవ పూజారి, ఈ రాతిని పూజించకుండా భోజనం చేస్తే కుక్క చేసిన పాపం తగులుతుందని రాయించారు. శిలమీద కాళి, పంది ఒకదానినొకటి పట్టుకొన్న దృశ్యం చెక్కి ఉంది. చోళ రాజకుమారుని చావు, చక్రవర్తి విజయం నమోదైన శాసనంలోనే ఒక కుక్క మరణమూ నమోదైంది.

ఆ శిలముందు నిలబడి చూస్తే ఆ యోధునికి కాళిమీద ఉన్న ప్రేమను శంకించలేము. అయినా వేటవిద్య దృష్టితో చదివితే అది ఒక నష్టాన్ని చెప్పే రాయి కూడా. యుద్ధంలో మడమ తిప్పని వీరుని ధర్మాన్ని యోధులు తమ కుక్కలలోనూ చూడగోరారు. కాళి ఆ ధర్మానికి తగినట్లే మరణించింది. సౌభూతి కుక్కల కథలోనూ ఇదే ఆదర్శం. పదిమంది పరివారం, పాతిక కుక్కలు ఉన్న రాజుకు ఒక కుక్క పోవడం కీర్తిగా మిగులుతుంది. ఒక్క కుక్కే ఉన్న బోయకు అది పోతే వచ్చే వానాకాలమంతా కూడు పోయినట్లే.

ఓరుగల్లు సీమలో ఈ రెండవవాని కుక్కే ఎక్కువ చరిత్రను మోసింది. గణపతిదేవుని కాలంలో 1213 ప్రాంతంలో పాకాల చెరువు కట్టారు. ఆ కాలంలోనే రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు, దాని పక్కన చెరువూ వెలిసింది. ఈ చెరువులు అడవి నడుమ పల్లపు నేలలకు నీరు పారించి వరిపొలాలుగా మార్చాయి. అడవిని కొట్టి చెరువు కట్టి ఊరు నిలిపే ఆ విస్తరణకు పొలం ఒకవైపు, అడవి మరోవైపు అంచులుగా ఏర్పడ్డాయి. ఆ అంచుమీదికి రాత్రిపూట వచ్చేది పంది. ఒక గుంపు ఒక్క రాత్రిలో మడిని తొక్కి, గట్టు తవ్వి, గింజపాలు పోసుకొన్న వెన్నులను నేలమట్టం చేస్తుంది. రాజు వేట వినోదమైతే కాపు వేట పంటరక్షణ. మంచెమీద కాపలాదారు, కింద కుక్క, ఈ రెండూ లేని చెరువు ఆయకట్టు నిలిచేది కాదు. కాకతీయుల చెరువులను గురించి ఎన్నో గ్రంథాలు వచ్చాయి గానీ, ఆ చెరువుల కింది పంటను రాత్రులు కాచిన కుక్కకు వాటిలో చోటు దక్కకపోవడం న్యాయం కాదు.

ఇటువంటి ఊళ్లలో కుక్కకు మరొక గుణం తప్పనిసరి అయింది. అడవి పక్కనే గొల్లకురుమల మందలు మేస్తాయి. పందిని తరిమే కుక్క మేకపిల్లను చూసి కదలకూడదు. దారిలో మంద అడ్డువస్తే జాడ వదలకుండానే మందను చుట్టి పోవాలి. మేకను కరిచిన కుక్క ఎంత ముక్కు గలదైనా ఊరిలో నిలవదు. అడవిలో తిరిగే రేచుకుక్కలతో పోల్చితే ఈ గుణం ఎంత గొప్పదో తెలుస్తుంది. రేచుకుక్క ఊరకుక్కకు దూరపు చుట్టమే గాని వేరు జాతి. ఊరకుక్కకు 42 పళ్లు ఉంటే దానికి 40. మొరగడం కన్నా ఈలవంటి కూతతో గుంపును కూడగట్టుకొంటుంది. దుప్పిని తరమడంలో, వంతులవారీగా అలసటను పంచుకోవడంలో దానికి సాటి లేదు. కాని అది తన ఆకలికోసం వేటాడుతుంది. జాగిలం నోటికి అందినదానిని మనిషికోసం ఆపి ఉంచుతుంది.

ఆ నిగ్రహం పుట్టుకతో కొంత, పెంపకంతో కొంత వస్తుంది. ఎంపికలో పిల్లకన్నా ముందు తల్లిని చూడడం వేటగాళ్ల పద్ధతి. తల్లి జాడ తీసే తీరు పిల్లలకు వస్తుందన్న వారి నమ్మకాన్ని నేటి జన్యుశాస్త్రం కాదనదు. ఆరేడు నెలలు నిండిన పిల్లను అనుభవమున్న ముదురు కుక్క వెంట వదిలితే, ఎప్పుడు మొరగాలో ఎప్పుడు నోరు మూయాలో అది దానినుంచే నేర్చుకొంటుంది. మొదట నేర్పవలసింది ఉసికొల్పు కాదు, పిలుపు. ఎంత వేడిజాడ మీద ఉన్నా యజమాని కూతకు తిరిగివచ్చే కుక్కనే తరువాత పందిమీదికి వదలాలి. తిండి జొన్న గట్క, మజ్జిగ, వేట దొరికిననాడు పేగులు, ఎముకలు. వేటకు ముందు కడుపునిండా పెట్టకపోవడం, వేట ముగిశాక కుక్కభాగం అక్కడికక్కడే ఇవ్వడం నియమాలు. వేటలో కుక్కకు వాటా ఉండడం ఉదారత్వం కాదు, అది మరునాటి వేటకు మూలధనం. పంది కోర తగిలిన గాయానికి పసుపు అద్ది, లోతైనదైతే కుట్టు వేసేవారు. ముల్లు దిగిన పాదాన్ని రాత్రే చూసుకోకపోతే తెల్లారి కుక్క లేవదని ఎరిగినవారు పడుకొనేముందు దాని నాలుగు పాదాలనూ వేళ్లతో తడిమిచూస్తారు.

తెలుగు కావ్యాలకు ఈ సంగతులు పరాయివి కావు. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో ఉడుమూరి కన్నప్పగా, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్ననిగా కనిపించే భక్తుడు వేటగాడే. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట ఒక ప్రధాన ఘట్టం. శివుడే కిరాతుడై పందివేటకు బయలుదేరి అర్జునునితో తలపడిన కథను శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పాడు. ఓరుగల్లు పక్కన ఐనవోలులో సంక్రాంతి జాతర జరిగే మల్లన్న, క్రీడాభిరామంలో వీరభటులు కొలిచిన మైలారుదేవుడే. మహారాష్ట్రలో ఖండోబాగా పూజలందుకొనే ఆ దేవునికి గుర్రంతోపాటు కుక్క కూడా పరివారం. కుక్కను అంటరానిదిగా చూసిన శాస్త్రాలు ఒకవైపు ఉండగా, పశుపాలకుల దేవుడు దానిని తన వెంట నిలుపుకొన్నాడు.

తెలుగువారి చేతుల్లో రూపుదిద్దుకొన్న జాగిలాల్లో అందరికీ తెలిసింది ఇక్కడికి చాలా దూరాన ఉంది. విజయనగర కాలంలో దక్షిణానికి తరలిన తెలుగు రాజుల కుటుంబాలు తమిళనాడులో స్థిరపడిన ఊరు రాజపాళయం. పందివేటకు వారు పెంచిన కుక్కకు ఆ ఊరిపేరే స్థిరమైంది. 2005లో భారత తపాలాశాఖ నాలుగు దేశీయ జాతులపై బిళ్లలు విడుదల చేసినప్పుడు వాటిలో ముధోళతోపాటు రాజపాళయం కూడా ఉంది. జాతీయ జంతు జన్యువనరుల సంస్థ మొదటగా నమోదు చేసిన మూడు కుక్కజాతులు రాజపాళయం, చిప్పిపారై, ముధోళ. రాజపాళయపు కుక్క పాలవంటి తెలుపు, గులాబిరంగు ముక్కు చూపరులను ఆకట్టుకొంటాయి. పెంపకందారులు తరతరాలుగా ఆ తెలుపునే కోరి రంగుపిల్లలను పక్కనపెట్టారు. చెవి లోపల ధ్వనిని గ్రహించే భాగం పనిచేయడానికి రంగుకణాలు అవసరం. ఒళ్లంతా తెలుపు చేసే జన్యువులు అక్కడా వాటిని లేకుండా చేయగలవు. అందుకే ఈ జాతిలో పుట్టుచెవుడు తరచుగా కనిపిస్తుంది. యజమాని పిలుపుకు తిరిగిరావడమే జాగిలానికి మొదటి పాఠమైనప్పుడు, పిలుపే వినబడని కుక్కను అందంకోసం పెంచడం ఆ జాతికి చేసిన అన్యాయం. కొల్లేరు చుట్టుపక్కల కనిపించే జోనంగి ఇందుకు ఎదురు ఉదాహరణ: పొట్టి వెంట్రుక, ముడతలు పడిన నుదురు, మొరగడానికి బదులు సాగదీసే కూత, చిన్న వేటకూ బాతుల మందలు తోలడానికీ ఒకేలా పనికివచ్చే తెలివి. చేపల చెరువులు పెరిగి బాతుల పెంపకం తగ్గాక దాని సంఖ్యా తగ్గింది. కర్నూలు జిల్లా పందికోన కుక్కకు కాపలాలోనూ వేటలోనూ పేరుంది.

1323లో ఓరుగల్లు పతనమైన తరువాత దక్కన్ కొలువుల్లో పడమటి దేశాల అభిరుచి పెరిగింది. పారశీకులు తాజీ అని పిలిచే అరబ్బు పరుగుకుక్క ఆ అభిరుచికి చిహ్నం. ఉత్తరాన అక్బరు కాబూలు, హజారా ప్రాంతాలనుంచి కుక్కలు తెప్పించుకొన్నట్లు ఐన్–ఇ–అక్బరీ చెబుతుంది. తుపాకి వచ్చాక వేట స్వరూపమే మారింది. నిజాం రాజ్యంలో పెద్దపులి వేట ఏనుగులు, మంచెలు, వందలమంది డప్పులతో అడవిని చుట్టి జంతువును తోలే హాకా మీద నడిచింది. అందులో కుక్కకు పనిలేదు. 1902లో వైస్రాయి కర్జన్, ఆయన భార్య మేరీ చచ్చిన పులితో నిలిచిన ఛాయాచిత్రాన్ని లాలా దీనదయాళ్ తీసింది వరంగల్ జిల్లా నెక్కొండలోనే. కాళికి శిల నిలిపిన కాలంలో వేట ఘనత జంతువుతో తలపడిన కుక్కకూ దక్కింది. నెక్కొండ నాటికి అది తుపాకి పట్టినవాడి ఒక్కడిదే అయింది.

పాకాల, ఏటూరునాగారం అడవులు 1950లలో అభయారణ్యాలయ్యాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడమే కాదు, తరమడం, ఉచ్చువేయడం, తోలడం కూడా ఉన్నాయి. అంటే కుక్కను జింక వెంట ఉసికొల్పినా నేరమే. 1991 సవరణతో అనుమతిపత్రంతో చేసే వేటకూ కాలం చెల్లింది. ఈ నిషేధం సరైనదే. దుప్పులు, కణుజులు తరిగిపోయిన అడవిలో జాగిలం విద్యను తిరిగి బతికించాలని కోరడం తప్పు. కుక్కలు అడవిలో తిరగడం వేరొక విధంగానూ ప్రమాదం: 2018లో గుజరాత్ గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు, కుక్కలకు సోకే డిస్టెంపర్ వైరస్ వాటిలో పలు సింహాల్లో కనబడింది. కాని అటవీశాఖలు వేటగాళ్ల ఉచ్చులను, దాచిన మాంసాన్ని, చర్మాలను పసిగట్టడానికి కుక్కలనే శిక్షణ ఇచ్చి వాడుతున్నాయి. వాసనను గుర్తించగానే మీదపడకుండా, కొరకకుండా, ఆ చోట కూర్చొని శిక్షకుడు వచ్చేదాకా ఎదురుచూడడం వాటికి నేర్పే మొదటి నియమం.

(సశేషం. వచ్చే భాగం: డేగవేట)